పొగమంచులో సైకిలు ప్రయాణం

డిసెంబరు నెల వచ్చిందంటే మన పల్లెల్లో తెల్లవారుజామున సైకిలు తీసేవాళ్ళు తగ్గిపోతారు. పాలు పోసేవారికీ, పదో తరగతి పిల్లలకూ మాత్రం తప్పదు. అయిదు గంటలకు ట్యూషనుకు వెళ్ళే కొడుక్కి తల్లి రెండు స్వెట్టర్లు తొడిగి, మఫ్లరు చుట్టి పంపుతుంది. ఆమె ప్రేమలో లోపం లేదు గాని తొడిగిన తీరులోనే చిన్న పొరపాటుంది.

సైకిలు మీద మనల్ని వణికించేది ఎదురుగాలి. ఆకు కదలని ఉదయమైనా సరే, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే అంత గాలీ రొమ్ముకు తగులుతుంది. అల్లిన స్వెట్టరు ఎంత మందమైనా దాని సందుల్లోంచి దూరుతుంది. పైన గాలి చొరని పల్చని కోటు ఒకటుంటే లోపల ఒక్క స్వెట్టరు చాలు. అదీ లేదా? పాత వార్తాపత్రిక మడిచి చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య పెట్టుకోండి. నవ్వకండి! ఫ్రాన్సు దేశపు పెద్ద సైకిలు పందెంలో కొండలు దిగేవారు ఈ పనే చేసేవారు.

పది నిమిషాలు తొక్కితే ఒంట్లో వేడి పుడుతుంది. గుమ్మంలోనే వెచ్చగా ఉండేలా తొడిగితే దారిలో చెమట పడుతుంది, ఆగాక ఆ తడి బనియనే వణికిస్తుంది. కాబట్టి బయలుదేరేటప్పుడు కాస్త చలి వేయాలి. సంచిలో పొడి బనియను ఒకటి ఉంచుకుంటే మరీ మంచిది. ఈ లెక్క చేతివేళ్ళకు చెల్లదు. అవి బిగుసుకుపోతే బ్రేకు పట్టలేము. గ్లౌజులు లేనివారు పాత మేజోళ్ళు తొడుక్కోవచ్చు, అయితే బ్రేకు జారడం లేదని ముందే చూసుకోవాలి.

మఫ్లరు కొసలు తప్పక లోపలికి దోపాలి. చిన్నప్పుడు నాన్నగారి వెనక క్యారియరు మీద కూర్చున్న మా అక్కయ్య చున్నీ చక్రంలో చుట్టుకుంది. నాన్నగారు వెంటనే ఆపబట్టి బ్రతికింది. మెడమీద మచ్చ ఇప్పటికీ ఉంది. నేటికీ ఆడపిల్ల సైకిలు ఎక్కుతుంటే నా చూపు మొదట చున్నీ మీదికే పోతుంది.

చలికన్నా పొగమంచుకే ఎక్కువ భయపడాలి. అందులో తెల్లచొక్కా కలిసిపోతుంది. వెనక మడ్‌గార్డుకున్న ఎర్ర రిఫ్లెక్టరు వెలుతురు పడితేనే మెరుస్తుంది గనుక చిన్న ఎర్ర బ్యాటరీ దీపం కూడా ఉండాలి. మంకీ క్యాపు పల్చనిదే వాడండి, వెనక లారీ శబ్దం వినబడాలి కదా. దారి కనబడనంత దట్టంగా ఉంటే దిగి, రోడ్డు వదిలి, మట్టి అంచున నడిపించుకు వెళ్ళండి. ట్యూషనుకు ఆలస్యమైతే కానివ్వండి.

ఫిన్లండు దేశంలోని ఊలు పట్టణంలో గడ్డకట్టిన మంచు మీదే పిల్లలు సైకిళ్ళపై బడికి వెళ్తారు. మనకంత కష్టం లేదు. ఏడు దాటితే చెరువుగట్టు మీద ఎండ పరుచుకుంటుంది. మిరపతోటల మీద మంచు ఆవిరై లేస్తుంది. ఎక్కడో చలిమంట పొగ వాసన. అప్పుడు వార్తాపత్రిక బయటికి తీసి, కోటు గుండీ ఒకటి విప్పుకుని, చేతులు వదిలేయకుండా, మెల్లగా తొక్కుతూ పోవచ్చు.