ఇంటి భాషా, ఇంగ్లీషూ: మన పిల్లలకు రెండూ కావాలి

ప్రతి ఏటా జూన్ నెల వచ్చేసరికి మా సంస్థకు అందే దరఖాస్తుల్లో ఎక్కువ భాగం స్కూలు ఫీజుల కోసమే. పోర్టులో కూలికి వెళ్లేవారు, ఆటో నడిపేవారు, స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేసేవారు, ఇళ్లలో కుట్టుపని చేసుకునే తల్లులు, అందరిదీ ఒకటే కోరిక: "మా బిడ్డను ఇంగ్లీష్ మీడియంలో వేశాం, ఫీజుకు కాస్త సాయం చేయండి." దాతలైన మీరు ఇచ్చిన సొమ్ముతో మేము ఆ ఫీజులు కట్టాం, ఇప్పటికీ కడుతున్నాం. ఎందరి ఫీజులు కట్టామో లెక్క రాసుకున్నాం గానీ, ఆ పిల్లలకు చదువు ఏ మేరకు వచ్చిందో మాత్రం చాలాకాలం అడగలేదు.

ఒకనాటి సాయంత్రం తరగతిలో జరిగిన చిన్న సంగతి మాకు ఆ ప్రశ్న నేర్పింది. మూడో తరగతి చదివే ఒక పాప ఇంగ్లీష్ వాచకంలోని పడవ పాఠాన్ని ఎక్కడా తడబడకుండా చదివింది. విన్నవాళ్లమంతా సంతోషించాం. "పడవకు ఏమైంది?" అని ఇంగ్లీషులోనే అడిగితే తల వంచుకుంది. చదువు చెప్పే ఆపా ఆ కథను ఉర్దూలో చెప్పి, "కశ్తీ కు క్యా హువా?" అనగానే పాప కథంతా చెప్పేసింది. గాలి వస్తే పడవ ఎటు ఒరుగుతుందో చేతులతో చూపించింది కూడా. పాపకు తెలివి తక్కువ కాలేదు, శ్రద్ధా తక్కువ కాలేదు. అక్షరం ఒక భాషలో, అర్థం మరో భాషలో ఉండిపోయాయి. ఆ రెంటినీ కలిపే పని ఎవరూ చేయలేదు. ఈ వ్యాసం ఆ పని గురించే.

ఇతర దేశాల్లో ఎలా చేస్తున్నారు?

ఈ చిక్కు మనది మాత్రమే కాదు. 1959లో క్యూబాలో విప్లవం వచ్చిన తరువాత వేలాది కుటుంబాలు అమెరికాలోని మయామీ నగరానికి వలస వచ్చాయి. పిల్లల ఇంటి భాష స్పానిష్, బడి భాష ఇంగ్లీష్. 1963లో ఆ నగరంలోని కోరల్ వే ప్రాథమిక పాఠశాలలో కొత్త పద్ధతి మొదలుపెట్టారు. క్యూబా పిల్లలూ ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలూ ఒకే బడిలో రోజులో కొంత భాగం స్పానిష్‌లో, కొంత భాగం ఇంగ్లీషులో చదువుకున్నారు. స్పానిష్ పిల్లలు తమ భాషను పోగొట్టుకోకుండా ఇంగ్లీష్ నేర్చుకున్నారు, ఇంగ్లీష్ పిల్లలకు రెండో భాష వచ్చింది.

తరువాత ఈ పద్ధతి అమెరికాలో చాలా చోట్లకు పాకింది. కొన్ని బడుల్లో రెండు భాషలకూ చెరిసగం సమయం ఇస్తారు. మరికొన్ని బడుల్లో ఒకటో తరగతిలో నూటికి తొంభై పాళ్లు స్పానిష్, పది పాళ్లు ఇంగ్లీషుతో మొదలుపెట్టి, ఏటేటా ఇంగ్లీష్ పెంచుతూ అయిదో తరగతికి రెంటినీ సమానం చేస్తారు. దీనిపై వాదాలూ జరిగాయి. కాలిఫోర్నియా రాష్ట్రంలో 1998లో ప్రజలు ఓటు వేసి ఇంటి భాషలో బోధనను బాగా కుదించారు. అదే రాష్ట్ర ప్రజలు 2016లో మళ్లీ ఓటు వేసి ఆ కట్టడిని తొలగించారు.

కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ చెప్పిన ఒక విషయం మనలాంటి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. కొత్త భాషలో ఆటల మాటలు, పలకరింపులు పిల్లలకు సుమారు రెండేళ్లలో వచ్చేస్తాయి. పాఠంలోని లెక్కను, సైన్సును ఆ భాషలో అర్థం చేసుకుని జవాబు రాసే శక్తి రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. బిడ్డ 'గుడ్ మార్నింగ్', 'థాంక్యూ' అంటుంటే ఇంగ్లీష్ వచ్చేసిందనుకుంటాం. అసలు పరీక్ష ఆ తరువాతే మొదలవుతుంది. ఈ మధ్యకాలంలో ఆలోచన ఆగిపోకుండా నిలబెట్టేది ఇంటి భాషే. ఒక భాషలో చదివి అర్థం చేసుకోవడం అలవాటైన బిడ్డ ఆ నేర్పును రెండో భాషలోకి వెంట తీసుకువెళ్తాడు.

మన రాష్ట్రంలో పరిస్థితి

మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో ఏడో సవరణతో చేర్చిన ఈ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించేందుకు ప్రయత్నించాలని రాష్ట్రాలకు చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషకు చోటు ఇవ్వాలంది. 2022లో మన రాష్ట్రం ఉర్దూను రెండో అధికార భాషగా రాష్ట్రమంతటికీ వర్తింపజేస్తూ చట్టాన్ని సవరించింది.

మరోవైపు తల్లిదండ్రుల కోరిక ఇంగ్లీషే. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం తన బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఇంగ్లీష్ మీడియం తెస్తూ, తెలుగు లేదా ఉర్దూను ఒక సబ్జెక్టుగా తప్పనిసరి చేసింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది, వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ రోజుల్లోనే ఒక పేజీలో ఇంగ్లీష్, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు ఆ ఎదుటి పేజీ పెద్ద ఆసరా. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డకు మాత్రం ఆ రెండు పేజీలూ బడిలో నేర్చుకోవలసిన భాషలే.

ఇంటి భాషతో మొదలుపెట్టి పై భాషకు తీసుకువెళ్లడం మన ప్రాంతానికి కొత్త కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒరియా వంటి ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితోనే ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తయారు చేశారు. బిడ్డ తన మాటతో బడిలో అడుగుపెట్టి క్రమంగా తెలుగులోకి రావాలన్నది అందులోని ఉద్దేశం. మన్యం బిడ్డకు సరిపడే ఆ ఆలోచన వన్‌టౌన్ బిడ్డకూ సరిపడుతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఇంటి భాష అంటే ఇంట్లో నిజంగా మాట్లాడే భాష. మన సముదాయంలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి, నూర్‌బాషాల వంటి తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. తెలుగు ఇంటి బిడ్డకు ఇంటి భాష తెలుగే. ఉర్దూ ఇంటి బిడ్డకు కూడా తెలుగు తప్పదు. వీధిలో, సచివాలయంలో, ఆసుపత్రిలో, రేపు ఉద్యోగంలో అతని బతుకు తెలుగువారి మధ్యనే.

మక్తబ్‌లో సగం పని జరిగే ఉంది

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మన పిల్లలు అస్ర్ తరువాతో, మగ్‌రిబ్ తరువాతో మక్తబ్‌లో ఖాయిదా చదువుతారు. ఏడెనిమిదేళ్లకే అరబీ అక్షరాలు, వాటిని కలిపి పలకడం, కుడి నుంచి ఎడమకు చదవడం వస్తాయి. అరబీ అక్షరాలు 28. పే, టే, చే, డాల్, గాఫ్ వంటివి కొన్ని చేరిస్తే అవే ఉర్దూ అక్షరాలు.

మిగిలే ఇబ్బందులు రెండే. ఖాయిదాలోని నస్ఖ్ రాతకూ, ఉర్దూ పుస్తకాల్లోని వాలుగా జారే నస్తాలీఖ్ రాతకూ తేడా ఉంది. ఖాయిదాలో ప్రతి అక్షరానికీ జబర్, జేర్, పేష్ గుర్తులుంటాయి, ఉర్దూలో సాధారణంగా అవి రాయరు. ఆ గుర్తులు లేకుండా పదాన్ని పోల్చుకోవడం అభ్యాసంతో వస్తుంది. మాట ముందే ఇంట్లో విన్నది కాబట్టి ఉర్దూ ఇంటి బిడ్డకు అది త్వరగా పట్టుబడుతుంది.

ఖుర్ఆన్ పారాయణం ఇబాదత్, దాని స్థానం దానిదే. ఆ పారాయణం కోసం నేర్చిన అక్షరాలతోనే బిడ్డ తనకు అర్థమయ్యే భాషలో కథ చదవగలిగితే, చదవడమంటే అర్థం చేసుకోవడమని తొలిసారి తెలుస్తుంది. తెలుగు ఇంటి బిడ్డకు ఇదే మేలు తెలుగు కథల పుస్తకంతో జరుగుతుంది.

తరగతిలో ఎలా నడపాలి?

మొదటి నియమం: రెండు భాషలకూ వేర్వేరు సమయం. ప్రతి ఇంగ్లీష్ వాక్యానికీ వెంటనే అనువాదం చెబితే, బిడ్డ ఇంగ్లీష్ వినడం మానేసి అనువాదం కోసం ఎదురుచూస్తాడు. ముందు అరగంట ఇంటి భాషలో కథ, ముచ్చట, ఆ తరువాత అరగంట అదే విషయం ఇంగ్లీషులో, బొమ్మలతో, చేతలతో. విషయం ముందే తెలుసు కాబట్టి కొత్త మాటలు భయపెట్టవు.

రెండో నియమం: ఇంట్లో తెలిసినదాని నుంచి మొదలుపెట్టడం. కిరాణా కొట్టుకు వెళ్లే ప్రతి పిల్లకూ పావ్, ఆధా, డేఢ్, ఢాయీ తెలుసు. తెలుగు ఇంట్లో పావు, అర, ముప్పావు తెలుసు. ఆ బిడ్డే ఇంగ్లీష్ పుస్తకంలో 'వన్ బై ఫోర్' చూసి భిన్నాలు రావంటుంది. పావుకిలో పప్పు తూచి చూపించి, ఇదే ఆ 'వన్ బై ఫోర్' అని చెబితే చాలు.

మూడో నియమం: తల్లిని కలుపుకోవడం. ఇంగ్లీష్ రాని తల్లి పుస్తకం చూసి వెనక్కు తగ్గుతుంది. బిడ్డ కథను ఇంటి భాషలో చెబితే ఆమె వింటుంది, ప్రశ్న వేస్తుంది, తప్పు దిద్దుతుంది. అమ్మీకి, నానీకి చదువు రాదని బిడ్డ చిన్నచూపు చూసే ప్రమాదం కూడా తప్పుతుంది.

భాష నేర్చుకోవడం మన ధర్మంలో మెచ్చుకున్న పని. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆదేశం మేరకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారని హదీసు గ్రంథాల్లో ఉంది. తన భాషలో చదవడం, రాయడం గట్టిగా వచ్చిన యువకుడు ఆయన.

దాతలకు మా మనవి

కొత్త బడి కట్టమని మేము అడగడం లేదు. ఉన్న మక్తబ్‌లో, సాయంత్రం తరగతిలో రెండు భాషలూ బాగా వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీష్ కథల పుస్తకాలున్న ఒక బీరువా, ఒక తూకం, ఒక బోర్డు ఉంటే పని మొదలవుతుంది. జకాత్ సొమ్ము అర్హులైన పేద పిల్లల చేతికే చేరాలి కాబట్టి వారి ఫీజులకూ పుస్తకాలకూ అదే వినియోగిస్తాం. వేతనాలకు, బీరువాలకు మీ సదఖా, విరాళాలు కావాలి. రసీదు రాయించేటప్పుడు ఏది దేనికో చెప్పండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. దీని ఫలితం ఏడాది తిరిగేసరికి సావనీర్‌లో ఫొటో వేసుకునేలా కనిపించదు. మొదటి రెండేళ్లు మన పిల్లల ఇంగ్లీష్ పక్కింటి పిల్లల కన్నా వెనుక ఉన్నట్లు అనిపించవచ్చు. అప్పుడు తల్లిదండ్రులు కంగారు పడతారు, మీరూ మమ్మల్ని నిలదీస్తారు. నిలదీయండి. అయితే "ఎంతమంది ఇంగ్లీష్ మీడియంలో ఉన్నారు?" అని కాకుండా, "చదివిన పాఠాన్ని ఎంతమంది సొంత మాటల్లో చెప్పగలుగుతున్నారు?" అని అడగండి. వచ్చే ఏడాది ఆ లెక్కనే మీ ముందు పెడతాం, ఇన్షా అల్లాహ్.