యాక్సిడెంట్ క్లెయిమ్: లెక్క తెలిస్తేనే న్యాయం

బీటెక్ ఫైనలియర్. ప్లేస్‌మెంట్స్ నడుస్తున్నాయి. బైక్ మీద వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది, కుడి చెయ్యి విరిగింది. తప్పు కారు డ్రైవర్‌దే. ఆసుపత్రి బిల్లులు సరే, ఇంకా జీతమే మొదలుకాని స్టూడెంట్‌కి ఆదాయ నష్టం ఏముంటుంది? సున్నా అనుకుంటే పొరపాటే. చదువుతున్న కోర్సు, ఉద్యోగావకాశాలు చూసి కోర్టులు ఒక ఊహా ఆదాయాన్ని నిర్ణయిస్తాయి.

లెక్క ఇలా...

వయసు 22, ఊహా ఆదాయం నెలకు రూ.15,000, సంపాదన సామర్థ్యంలో నష్టం 20 శాతం అనుకుందాం. ఏడాదికి రూ.1,80,000. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే రూ.2,52,000. అందులో 20 శాతం రూ.50,400. 21-25 ఏళ్ల వాళ్లకు గుణకం 18. మొత్తం రూ.9,07,200. వైద్య ఖర్చులు, నొప్పి, బాధలకు ఇచ్చేది దీనికి అదనం.

ఈ గుణకాల పట్టికను సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో ఖరారు చేసింది. 40 శాతం కలపడం 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు నుంచి వచ్చింది. మరణించిన కేసులకే కాదు, గాయపడినవాళ్లకూ అది వర్తిస్తుందని 2020లో పప్పూ దేవ్ యాదవ్ కేసులో కోర్టు చెప్పింది. ఆ 40 శాతం మర్చిపోతే చేతికొచ్చేది రూ.6,48,000 మాత్రమే. అంటే రూ.2,59,200 తేడా!

బేరం ఎందుకు?

థర్డ్ పార్టీ ప్రీమియం రేట్లు కంపెనీ చేతిలో ఉండవు, కేంద్రమే నిర్ణయిస్తుంది. రేటు పెంచుకునే వీల్లేనప్పుడు, క్లెయిమ్‌లో తగ్గించిన ప్రతి రూపాయీ కంపెనీకి మిగులే. దొంగ క్లెయిములూ ఉంటాయి కాబట్టి వాళ్లు ప్రశ్నలు అడగడం తప్పు కాదు. కానీ నిజంగా దెబ్బ తగిలినవాళ్లు తక్కువకే సరిపెట్టుకోవాల్సిన పన్లేదు. సెటిల్‌మెంట్ ఆఫర్ వస్తే ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం.

వైకల్యం శాతం దగ్గరా జాగ్రత్త. సర్టిఫికెట్‌లోని అంకె, సంపాదనలో నష్టం ఒకటే కాదని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వేళ్లు సరిగా వంగకపోతే లెక్చరర్ ఉద్యోగం సాగొచ్చు, సర్జన్‌కి కష్టం. మీరు చేయబోయే పనికి ఆ గాయం ఎంత అడ్డమో చూపించాలి.

ఇవి దగ్గర పెట్టుకోండి

* ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, ప్రతి మందుల బిల్లు
* మార్కుల మెమోలు, బోనఫైడ్, ఇంటర్న్‌షిప్ లేదా ఆఫర్ లెటర్
* మీ డ్రైవింగ్ లైసెన్స్. ప్రమాదంలో మీ తప్పూ ఉందని తేలితే పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది.

2019 సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రైబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. హైదరాబాద్‌లో ప్రమాదం జరిగినా, మీరుండేది కర్నూలైతే అక్కడే వేసుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ఆఫర్ మీద సంతకం పెట్టేముందు పై లెక్క మీ వయసు, మీ అంకెలతో ఒకసారి వేసి చూడండి.