ఇంటి వైఫైకి తాళపుచెవి యెవరిచేత నున్నది?

మన యిండ్లలో బీరువాకును, సామానుల గదికిని, వీథి తలుపునకును తాళములు గలవు. ఏ తాళపుచెవి యే మేకునకు వ్రేలాడుచున్నదో, యేది కొంగుముడిలో నున్నదో గృహిణి చీకటిలో నైనను చెప్పగలదు. రాత్రి దీప మార్పుటకు ముందు గడియ వేసితిమా లేదా యని యొకమాఱు తడవి చూచుకొనుట మనకు తరతరముల యలవాటు. కాని యీ కాలమున గోడలను, తలుపులను లెక్కసేయక యింటిలోనికి వచ్చిపోవు ద్వార మొకటి క్రొత్తగా నేర్పడినది. అదియే టీవీ ప్రక్కన చిన్న దీపములతో మినుకుమినుకుమనుచు కూర్చుండు వైఫై పెట్టె. దానికిని తాళము గలదు, తాళపుచెవియు గలదు. అది యెవరియొద్ద నున్నదని యడిగినచో పెక్కిండ్లలో జవాబు దొరకదు. ఈ సంగతిని గూర్చియే నేడు మా సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

పెద్దపల్లి జిల్లా 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పూర్వపు కరీంనగరము జిల్లానుండి వేరుపడినది. గోదావరిఖని బొగ్గుగనులు, రామగుండము విద్యుత్కేంద్రము, ఎరువుల కర్మాగారము ఒక్కచోటనే గల సీమ యిది. 2024 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వపు టీ-ఫైబర్ సంస్థ ప్రయోగార్థము మొట్టమొదట ఇంటింటికి ఇంటర్నెట్టు నిచ్చుటకు ఎన్నుకొన్న నాలుగు గ్రామములలో ఈ జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ ఒకటి. బొగ్గును లోకమున కిచ్చిన నేలలోనికి గాజుతీగ దారిని లోకము వచ్చుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. పిల్లల చదువు, పంటల ధరలు, వైద్యుని సలహా, దూరదేశమున నున్న బిడ్డ ముఖము, అన్నియు నీ తీగవెంబడి యింటికి వచ్చును. గని కార్మికుల కుటుంబములలో మగవారు షిఫ్టులవెంట తిరుగుచుండగా కరెంటు బిల్లు మొదలు బ్యాంకు పనివఱకు ఫోనుమీద చక్కబెట్టువారు తఱచుగా స్త్రీలే. కావున నీ ద్వారపు కాపుదల గూర్చి మొదట తెలిసికొనవలసినవారును వారే.

ఒక పెట్టె, రెండు తాళములు

వైఫై పెట్టెను రౌటరందురు. దీనికి తాళ మొక్కటియే యని చాలమంది తలంపు. నిజమునకు రెండు గలవు. మొదటిది మన మందఱ మెఱిగిన వైఫై పాస్‌వర్డు. చుట్టపుచూపుగా వచ్చిన మేనల్లుడడిగిన చెప్పుదుము. ప్రక్కయింటి పిల్లవాడు పరీక్ష ఫలితములు చూచుకొనుట కడిగినను చెప్పుదుము. రెండవది పెట్టెను నడపుటకు సంబంధించిన తాళము. దీనిని నిర్వహణ పాస్‌వర్డనవచ్చును. మొదటి తాళముతో లోనికి వచ్చినవాడు వసారాలో కూర్చుండు అతిథివంటివాడు. రెండవ తాళము దొరికినవాడు ఇంటి తాళములన్నియు మార్చి, తలుపులు తెఱచిపెట్టి, వీథి బోర్డు పీకి వేఱొకచోట పాతగలవాడు. పెట్టెను బిగించుటకు వచ్చిన పనివాడు తరచుగా మొదటి పాస్‌వర్డు మాత్రమే కాగితముపై వ్రాసి యిచ్చి పోవును. రెండవది కర్మాగారమునుండి వచ్చినది వచ్చినట్లే యుండును. పేరు 'అడ్మిన్', పాస్‌వర్డును 'అడ్మిన్' అనునట్టివి లోకవిదితములు. అట్టి తాళము తలుపునకు వ్రేలాడదీసిన తాళపుచెవితో సమానము.

ఇక నాసుపత్రులు, పాఠశాలలు, పెద్ద కార్యాలయములు మొదలగు చోట్ల వైఫై పెట్టెలు పదులు, వందలు నుండును. ఒక్కొక్కదాని యొద్దకు పోయి సరిచేయుట యసాధ్యము గనుక వానినన్నిటిని ఒక్కచోటనుండి యేలు యంత్రమో, సాఫ్టువేరో యొకటి యుండును. గని సీమవారికి దీనిని తెలుపుట సులభము. గనిలోనికి దిగు కార్మికుడు లాంపురూములో తన దీపము తీసికొని పోవును. ఒక దీపము చెడినచో నొక్కనికి చిక్కు. లాంపురూమే చెడినచో షిఫ్టంతయు చీకటి. వైఫై నిర్వహణ యంత్రము లాంపురూమువంటిది. దానిలో లోపమున్న దాని క్రిందనున్న పెట్టెలన్నియు లోపము గలవే యగును.

చేసినవారే విడిచిన తాళపుచెవులు

ఇట్టి లోపములు ఊహలు కావు. 2025 మే నెలలో సిస్కో యను పేరుమోసిన కంపెనీ తన వైఫై నిర్వహణ యంత్రములలో నొక లోపమున్నదని తానే ప్రకటించినది. ఇట్టి లోపముల తీవ్రతను కొలుచుటకు పదింటి లెక్క యొకటి గలదు. ఈ లోపమునకు పదింటికి పదియు వచ్చినది. అందలి మర్మ మేమన, లోనికి వచ్చువాడు నమ్మదగినవాడా కాడా యని తేల్చు రహస్య ముద్ర యొకటి సాఫ్టువేరులోనే స్థిరముగా వ్రాయబడి యుండెను. ఆ ముద్ర తెలిసినవాడు అధికారివలె నటించి యంత్రములో తన యిచ్చవచ్చిన ఫైళ్లను చేర్చవచ్చును. ఐతే దీనికి ముఖ్యమైన యొక సౌకర్యమును కొనుగోలుదారు తానై తెఱచి యుంచినప్పుడే యీ యపాయము. కంపెనీ వెంటనే సవరణను కూడ నిచ్చినది.

ఆ సంవత్సరమే జులైలో రకస్ అను మఱియొక కంపెనీ నిర్వహణ సాఫ్టువేరులలో పెక్కు లోపములు బయటపడెను. క్లారొటీ యను సంస్థకు చెందిన నోమ్ మోషే అను పరిశోధకుడు వానిని కనిపెట్టెను. ఇక్కడను అదే కథ. సర్వాధికారములు గల రహస్యపు ఖాతా యొకటి, దాని తాళపుచెవితో సహా, సరకులోనే యిమిడి యున్నది. పాఠశాలలు, ఆసుపత్రులు, నగరములలోని ప్రజావైఫైలు ఈ కంపెనీ సామగ్రిని వాడుచుండును. అమెరికాలోని హెచ్చరిక కేంద్రము ఈ సంగతిని లోకమునకు వెల్లడించునప్పటికి సవరణ లేదు. అంతవఱకు ఆ యంత్రముల దాపునకు నమ్మకమైనవారిని తప్ప మఱియెవ్వరిని రానీయవలదని మాత్రమే సలహా చెప్పగలిగిరి.

సోదరీమణు లొక్కటి గమనింపవలెను. కంసాలి యొకడు ఊరందఱికి తాళములు చేసి యిచ్చి, అన్నిటికిని ఒకటే మాఱుతాళపుచెవి చేసి దానిని ప్రతి తాళములోను దాచెననుకొనుడు. ఒక్క తాళమును విప్పి చూచిన దొంగకు ఊరంతయు తెఱచినట్లే గదా! కొన్నవారెంత జాగ్రత్తపరులైనను ఆ తాళపుచెవిని మార్చలేరు. ఇది గృహిణి యజాగ్రత్త కాదు, చేసినవాని యజాగ్రత్త.

మన దాపున జరిగిన కథ

ఇరుగుపొరుగున జరిగిన దానిని కూడ చెప్పవలెను. 2017 జులై మాసాంతమున కర్ణాటకములో బీఎస్ఎన్ఎల్ వారి బ్రాడ్‌బ్యాండు మోడెములు వేలకొలది యొక్కసారిగా పని మానెను. ఒక దుష్ట ప్రోగ్రాము ఇంటర్నెట్టుమీద తిరుగుచు, కర్మాగారపు పాస్‌వర్డునే మార్చక యుంచిన మోడెములను వెదకి వానిలో చొరబడి వానిని పాడుచేసెను. బెంగుళూరులో కాపురమున్న మన తెలుగు కుటుంబము లెన్నియో యుండగా, వానిలో కొన్నింటికైన నిది తగిలియుండక పోదు. అప్పుడా సంస్థ ఖాతాదారుల కందఱికి చెప్పిన మాట యొక్కటియే: పాస్‌వర్డు మార్చుకొనుడు. తొలినాడే చేయవలసిన యైదు నిమిషముల పని యది.

ఆ ప్రోగ్రాము పెట్టెలను చంపినది గనుక వెంటనే తెలిసినది. పెట్టెను చంపక, సడిచేయక కూర్చుండు దొంగ మఱింత ప్రమాదకరుడు. 2018లో ముఖ్యముగా బ్రెజిలు దేశమున, మొత్తము మీద లక్షకు పైగా రౌటర్లను దొంగలు వశపఱచుకొని, వానిలోని చిరునామాల పట్టికను మార్చిరి. ఇంటివారు తమ బ్యాంకు పేరు సరిగానే కొట్టినను, రౌటరు వారిని బ్యాంకువలె కనబడు దొంగపుటకు తీసికొనిపోయెడిది. ఊరికి క్రొత్తగా వచ్చినవానికి వీథి బోర్డులు మార్చి దారి తప్పించుట వంటి దిది. ఆ సంవత్సరమే మఱియొక ప్రోగ్రాము 54 దేశములలో సుమారు 5 లక్షల పెట్టెలలో దాగియున్నదని తెలియవచ్చినది.

మన తెలుగునాడును ఈ బెడదకు దూరము కాదు. 2019లో రెండు తెలుగు రాష్ట్రముల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లను దొంగలు బంధించి విడుదలకు సొమ్మడిగిరి. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేష్ సహకార బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా తరలిపోయెను. ఇవి వైఫై పెట్టెలదారిని జరిగినవి కావు. కాని కాపుదల నొకచోట వదలిన నష్ట మెంతదూరము ప్రాకునో యివి తెలుపుచున్నవి.

భయపడవలసిన దేది, వలదన్న దేది

మేము చెప్పినది విని ఇంటర్నెట్టునే తీసివేయుదమని తలంపవలదు. బ్యాంకు యాపులును, మంచి వెబ్‌సైట్లును తమ మాటలను తామే మూసిపెట్టెలో పెట్టి పంపును. రౌటరు దొంగచేత చిక్కినను ఆ మూత తెఱచుట సులభము కాదు. కావుననే బ్యాంకు పుటను తెఱచినప్పుడు 'ఈ చోటు నమ్మదగినది కాదు' అను హెచ్చరిక కనబడిన దానిని త్రోసిపుచ్చి ముందునకు పోరాదు. ఎక్కువగా నపాయమునకు లోనగునవి ఇంటిలోని చవుకరకపు కెమెరాలు, పాత టీవీలు, పాత ఫోనులు. తొట్టెలోని పసిపాపను చూచుకొనుటకై పెట్టిన కెమెరాను పరాయివాడు చూచుట కంటె నింటికి వేఱు ప్రమాదమేమి కావలెను? అదియు గాక మన పెట్టెను సాధనముగా చేసికొని దొంగలు ఇతరులపై దాడి చేయుదురు. అట్టిచో పోలీసుల విచారణ మొదట మన గడపకు వచ్చును.

గృహిణులు చేయదగిన పనులు

పెట్టె బిగింప వచ్చిన పనివానిని పంపివేయకముందే రెండు పాస్‌వర్డులు నడుగవలెను. నిర్వహణ పాస్‌వర్డును మన యెదుటనే మార్పింపవలెను. అతడు పోయిన పిదప ఇంటిలో చదువుకొన్న పిల్లలచేత మఱియొకసారి మార్పించుట మంచిది. పిల్లల పేర్లు, ఫోను నంబరు, గనిలోని ఉద్యోగపు నంబరు పాస్‌వర్డుగా పెట్టరాదు. సంబంధము లేని నాలుగు మాటలు, రోకలి, గోరింట, వాన, కుంపటి యనునట్టివి, కలిపి పెట్టినచో మనకు జ్ఞాపకముండును, పరునకు దొరకదు. దానిని నోటుపుస్తకములో వ్రాసి, రేషను కార్డును పట్టా కాగితములును దాచు చోటనే దాచవలెను.

చుట్టములకు, ఇరుగుపొరుగులకు 'గెస్టు' అను పేర వేఱు వైఫై తెఱచి యిచ్చు సౌకర్యము నేటి రౌటర్లలో చాలవానికి గలదు. కెమెరాలను, టీవీని కూడ దానిలోనే యుంచిన మేలు. బయటినుండి పెట్టెను నడపు సౌకర్యము మనకక్కఱలేదు, దానిని మూయింపవలెను. నెలకొకసారి క్రొత్త సవరణ వచ్చినదేమో చూడవలెను. కంపెనీ సవరణలు మానిన పాతపెట్టె నుంచుకొనుట పుచ్చిన తలుపునకు రంగు వేయుటయే. ఫోనులోను కంప్యూటరులోను దుష్ట ప్రోగ్రాములను వెదకుటకు 2017లో కేంద్రప్రభుత్వము స్థాపించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచితముగా సాధనముల నిచ్చుచున్నది. ఒకవేళ సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, క్షణమాలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన సొమ్ము మధ్యలో నిలిచిపోవుట కంత యవకాశము గలదు. పదవీవిరమణ సొమ్ము బ్యాంకులో వేసికొన్న వృద్ధకార్మికుల యిండ్లలో ఈ నంబరు గోడమీద వ్రాసియుంచదగినది.

కడపట నొక్కమాట. ఇల్లాలే జాగ్రత్తపడవలెనని చెప్పి చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. గనిలో షిఫ్టు మొదలగుటకు ముందు సర్దారు చోటు పరీక్షించి, గ్యాసు జాడ చూచి, పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెనని చట్టము గలదు. దిగు కూలివాని జాగ్రత్తకే యంతయు విడిచిపెట్టలేదు. వైఫై పెట్టెల విషయమునను అట్టి చట్టమే కావలెను. ఇంగ్లండులో 2024 ఏప్రిలు 29 నుండి, సులభముగా ఊహింపదగిన పాస్‌వర్డుతో ఇట్టి పెట్టెల నమ్మరాదని నిషేధించిరి. మన పల్లెలకు ప్రభుత్వమే గాజుతీగ పఱచుచున్న యీ దినములలో, ప్రతి పెట్టెకు వేఱు తాళపుచెవి, ఎన్నేండ్లు సవరణలు వచ్చునో ముందుగా మాట, తెలుగులో నొక చిన్న వివరణ పత్రము కావలెనని మన మహిళాసంఘములు గట్టిగా నడుగవలెను. తాళపుచెవి తన చేతికి రాని యింటికి గృహిణిని యజమానురాలనుట యెట్లు?