కూషీయుడి ఫిర్యాదు

పనిచేసేచోట తనకు జరిగిన అన్యాయం గురించి నోరు విప్పేవారే తక్కువ. పక్కవాడి కోసం మాట్లాడేవారు మరీ అరుదు. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో, క్రాకర్ బ్యారెల్ రెస్టారెంట్‌లో అసిస్టెంట్ మేనేజర్‌గా ఉన్న ఒక నల్లజాతీయుడు ఆ పని చేశాడు. మరో నల్లజాతి ఉద్యోగిని జాతివివక్షతోనే తీసేశారని పై అధికారులకు ఫిర్యాదు చేశాడు. 2001 డిసెంబరులో అతని ఉద్యోగమూ పోయింది. రాత్రి ఇనప్పెట్టెకు తాళం వేయకుండా వదిలేశాడన్నది కంపెనీ చూపిన కారణం.

అతను కోర్టుకెళ్లాడు. 1964 నాటి పౌరహక్కుల చట్టం కింద వేసిన దావాను, ఫీజు సకాలంలో కట్టలేదని కొట్టేశారు. ఇక మిగిలింది బానిసత్వం రద్దయిన మరుసటి ఏడాది, 1866లో వచ్చిన పాత చట్టమే. ఒప్పందాలు చేసుకోవడంలో తెల్లజాతివారికున్న హక్కే అందరికీ ఉంటుందని అది చెబుతుంది. ఫిర్యాదు చేసినవాడిపై కక్ష సాధించడం గురించి అందులో ఒక్క మాటా లేదు. అయినా అదీ ఆ చట్టం కిందికే వస్తుందని 2008 మే 27న అమెరికా సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. విభేదించిన ఇద్దరిలో ఒకరైన క్లారెన్స్ థామస్ స్వయంగా నల్లజాతీయుడే! కక్ష సాధింపు ఫిర్యాదును బట్టి జరిగేది, జాతిని బట్టి కాదన్నది ఆయన వాదన. తర్కానికి అది నిలవవచ్చు. కానీ ఫిర్యాదు చేసినవాడినే తరిమేస్తే వివక్షను బయటపెట్టేదెవరు? ఆ ఆరోపణలు నిజమని మాత్రం కోర్టు తేల్చలేదు, దావాకు దారి తెరిచిందంతే.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీపై వేసిన కేసులో, కులవివక్షతోపాటు, ఫిర్యాదు చేసిన దళిత ఇంజనీరుపై కక్ష సాధించారన్న ఆరోపణ కూడా ఉంది. కంపెనీ దాన్ని ఖండించింది.

యిర్మీయా గ్రంథం 38వ అధ్యాయంలో ఎబెద్మెలెకు కనబడతాడు. కూషు దేశస్థుడు, నల్లనివాడు, సిద్కియా రాజు నగరులో కొలువు. ప్రవక్తను బురదగోతిలో దించింది అధిపతులు. వారికి ఎదురు చెప్పలేనని రాజే చేతులెత్తేశాడు. ఈ పరదేశి మాత్రం బెన్యామీను ద్వారం దగ్గర కూర్చున్న రాజు వద్దకే వెళ్లి, వారు చేసింది అన్యాయమని ముఖం మీదే చెప్పాడు. ప్రవక్తను పైకి లాగేటప్పుడు తాళ్లు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోమని పాత గుడ్డలు కూడా వెతికి తెచ్చాడు.

ఎంత ధైర్యవంతుడో అని ప్రసంగాల్లో చెబుతుంటాం. 39వ అధ్యాయం కూడా చదవండి. అతను భయపడే మనుష్యులకు చిక్కకుండా కాపాడతానని ప్రభువు కబురు పంపాడు. అంటే భయపడుతూనే ఉన్నాడన్నమాట. ఆ మనుష్యులు బబులోనువారని కొందరు వ్యాఖ్యాతలంటారు. నాకైతే ఆ అధిపతులే కనబడతారు. మర్నాడు పొద్దున్నే అదే నగరులో, వారి ఎదుటికే కదా అతను పనికి వెళ్లాల్సింది!