‘గుండమ్మ కథ’ - విమర్శకుల యాక్షేపము

వినోదప్రధానమగు చలనచిత్రమును విమర్శకులు చులకన చేయుటయుఁ, బ్రజ లాదరించుటయు నాంధ్రదేశమునఁ గ్రొత్త గాదు. దీనికిఁ దగిన యుదాహరణము విజయా సంస్థవారు 1962 సం. జూను 7వ తేదీని విడుదల చేసిన ‘గుండమ్మ కథ’. నాగిరెడ్డి చక్రపాణులు నిర్మాతలు, కమలాకర కామేశ్వరరావు దర్శకుఁడు, డి. వి. నరసరాజు సంభాషణకర్త. విఠలాచార్య తీసిన కన్నడచిత్రము ‘మనె తుంబిద హెణ్ణు’ (1958) దీనికి మూలము.

గయ్యాళియైన గుండమ్మ సవతికూఁతురు లక్ష్మిని దాసివలెఁ జూచుచుఁ, దన కూఁతురు సరోజను గారాబముతోఁ బెంచును. ఒక ధనికుని కొడుకు లిరువురు తమ కలిమిని దాఁచి యాకుటుంబమునఁ బ్రవేశించి, యొకఁడు లక్ష్మిని, వేఱొకఁడు సరోజను బెండ్లాడుదురు. ఇంతియే కథ.

దీనిపై వచ్చిన యాక్షేపములు ముఖ్యముగా రెండు. కథ లేదనుట మొదటిది. ఈ మాట విడుదలకు ముందే చిత్రపరిశ్రమలోని పెద్దలనోట వినవచ్చెను. తారల బలముననే నడచిన దనుట రెండవది. నందమూరి తారక రామారావున కిది 100వ చిత్రము. అక్కినేని నాగేశ్వరరావునకు 99వది. ఎవరి పేరు ముందుంచవలె నను చిక్కు తొలఁగుటకు, పేర్లు వేయక నటుల ఛాయాచిత్రములనే ప్రారంభమునఁ జూపిరి.

ధనంజయుఁడు దశరూపకమునందు వస్తువు, నేత, రసము నను మూఁటిని రూపకభేదమునకు హేతువులుగాఁ జెప్పెను. ఈ కొలతలతో నాక్షేపములను బరీక్షింపవచ్చును.

వస్తువు స్వల్ప మనుట నిజమే. రాఁబోవునది ప్రేక్షకునకు ముందే తెలియును. కాని గయ్యాళి ఖమ్మముసీమలోని కారేపల్లి నున్నను, కాకినాడ నున్నను నొక్కటియే. ఆమెను బరిచయము చేయుటకుఁ బెద్దకథ యక్కఱలేదు.

నేతృబలమే కారణమనుటయుఁ బూర్తిగాఁ జెల్లదు. చక్రపాణియే దర్శకుఁడై యీ కథను దమిళమున ‘మనిదన్ మారవిల్లై’ యను పేరఁ దీసెను. నాగేశ్వరరావు, సావిత్రి, జమున యందును నటించిరి. రామారావునకు మాఱుగా జెమినీ గణేశను, సూర్యకాంతమునకు మాఱుగా సుందరీబాయి వచ్చిరి. ఆ చిత్రము విఫల మయ్యెను. తారలున్నంత మాత్రమున విజయము సిద్ధింపదని యిది చాటుచున్నది. తెలుఁగుచిత్రమునకుఁ బేరిచ్చినదియు నాయకులు గారు; సూర్యకాంతము ధరించిన పాత్రయే.

ఇఁక రసము. హాస్యము శృంగారమునుండి పుట్టునని భరతుని మతము. ధనికుని కొడుకు నిక్కరు తొడిగి, పనివాఁడై, లక్ష్మితోఁ గూడి రుబ్బురోలు త్రిప్పు ఘట్టమే యిందులకు సాక్షి. వేషమునందలి యనౌచిత్యము నవ్వించును. ఆ పనియందలి జాలి ప్రేమను దెలుపును. కథ ముందునకు సాగకున్నను రసము సాగుచునే యున్నది.

అట్లని చిత్రము నిర్దోషము గాదు. భర్త భార్యను మోసగించి, పేదఱికము నటించి, కూలిపని చేయించి గర్వ మడఁచుట షేక్స్పియరు గయ్యాళి ప్రహసనమును దలపించును. ఆ శిక్షకు న్యాయ మున్నదా యని చిత్రము విచారింపదు. విమర్శింపవలసిన చోటిదియే. లేనికథను వెదకుటలో, ఉన్నకథలోని యీ దోషము విమర్శకుల దృష్టి తప్పెను. ప్రహసనమును దూఱుటకు ముందు దానిని బ్రహసనముగాఁ జూచుట విమర్శకునకు మొదటి ధర్మము.