బాటసారి మెతుకు, బట్టీ రొట్టె

పెళ్ళికి ‘చౌల్ట్రీ’ మాట్లాడామని చెప్పేటప్పుడు ఇంగ్లీషు మాట వాడుతున్నామనుకుంటాం. అది మన ‘చావడి’యే. బాటసారులు నడుం వాల్చే చావడిని దక్షిణాదికి వచ్చిన తెల్లవాళ్ళు తమ నోటికి వచ్చినట్టు పలికారు, అలాగే రాసుకున్నారు. ఆ మాట వేషం మార్చుకుని మళ్ళీ మన ఇంటికే చేరింది. ‘సత్రం’ కథ ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో సత్త్రమంటే రోజుల తరబడి సాగే యజ్ఞం. దారినపోయే వాడికి అన్నం పెట్టే చోటుకి యజ్ఞం పేరు పెట్టిన వాళ్ళకి నేను మనసులో దండం పెట్టుకుంటాను.

సత్రం అనగానే గోదావరి జిల్లాల వాళ్ళకి డొక్కా సీతమ్మగారు గుర్తుకొస్తారు. ఆమెది కట్టించిన సత్రం కాదు, సొంత ఇల్లు. 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరం గారు అడిగిన వాళ్ళకల్లా అన్నం పెడుతుంటే జనం ఆయన్ని ‘బువ్వన్న’ అని పిలిచారట. అలాంటి ఇంటి పిల్ల లంకల గన్నవరంలో జోగన్న గారింటికి కోడలిగా వెళ్ళింది. అది గోదావరి పాయల నడుమ ఊరు. రేవు దాటే వాళ్ళు వేళాపాళా లేకుండా వచ్చేవాళ్ళు. పొద్దుపోయి వచ్చినా పొయ్యి వెలిగేది. ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారు. దారిలో కొందరు, ‘ఇంకాస్త నడిస్తే సీతమ్మగారి ఇల్లు, అక్కడ భోంచేద్దాం’ అని పిల్లలకు చెప్పుకోవడం వినిపించి, దేవుడి దగ్గరికి వెళ్ళకుండా వెనక్కి తిరిగి వచ్చేశారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కట్టిన అక్విడక్టుకూ, 2024లో ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టారు. గొప్పవాళ్ళ పేరు కట్టడాలకు పెట్టడం చాలా చూశాం గానీ, పళ్ళెంలోని అన్నానికి పెట్టడం సీతమ్మగారికే తగింది.

బస ఎక్కడ దొరుకుతుందన్నది పాతకాలపు ప్రయాణికుడికి ప్రాణంతో సమానమైన ప్రశ్న. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది, నీళ్ళు ఎలాంటివి, అంగళ్ళలో సరుకులు దొరుకుతాయా అనే వివరాలు మజిలీ మజిలీకీ కనిపిస్తాయి. తన వెనక వచ్చే వాళ్ళు ఇబ్బంది పడకూడదన్న తపన అది.

గోల్కొండ వైపు వెళితే సత్రం సరాయి అవుతుంది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి రెండంతస్తుల సరాయి ఉంది. మనుషులకు గదులు, గుర్రాలకూ ఒంటెలకూ వేరే చోటు, పక్కనే మసీదు. బరువు మోసి వచ్చిన పశువుకు కూడా చోటు చూపడం నన్ను కదిలించే సంగతి. రైలు వచ్చాక సరాయి స్టేషను పక్కకి మారింది. నాంపల్లి స్టేషను 1907లో తెరుచుకుంటే, దాని పక్కనే 1919లో ఏడో నిజాం హయాంలో సరాయి కట్టారు.

బస సంగతి ఇది, ఇక రొట్టె దగ్గరికి వద్దాం. రొట్టెను జెండా మీద ఎగరేసిన రాజ్యం ఏదో తెలుసా? హైదరాబాదే. అసఫ్‌జాహీల పసుపుపచ్చ జెండా నడుమ ఉన్న తెల్లటి గుండ్రం చందమామ కాదు, కుల్చా. మొదటి నిజాం ఆకలితో ఔరంగాబాదు సూఫీ గురువు దగ్గరికి వెళితే ఆయన కుల్చాలు పెట్టాడనీ, అతను ఏడు తిన్నాడనీ, ‘నీ వంశం ఏడు తరాలు ఏలుతుంది’ అన్నాడనీ కథ. ఏడో నిజాంతోనే ఏలుబడి ముగిసింది కాబట్టి ఈ కథకు వయసు మీద పడలేదు.

కథ పక్కన పెట్టి నిజం రొట్టె తినాలంటే పాతబస్తీలో మున్షీ నాన్ ఉంది. 1851లో మొదలైంది. నాలుగో నిజాం కొలువులో మున్షీగా, అంటే రాతపనిలో ఉన్న మహమ్మద్ హుస్సేన్ మొదలుపెట్టాడు గనుక ఆ పేరు. ఇక్కడి నాన్ గుండ్రంగా ఉండదు, నాలుగు మూలలతో ఉంటుంది. అందుకే ‘చార్ కోనీ నాన్’. పిండిని బట్టీ లోపలి గోడకు అంటించి, కాలాక ఇనుప చువ్వలతో ఊడదీస్తారు. తెల్లవారుజామున నిహారీతో, పాయాతో తినేవాళ్ళకి ఇది తప్ప మరొకటి ఆనదు.

ఇరానీ హోటళ్ళు ఆ తర్వాతి మాట. ఆబిడ్స్ గ్రాండ్ హోటల్ 1935 నాటిది. ఇరానీ చాయ్‌లో పాలు వేరు, డికాక్షన్ వేరు. రెండూ విడివిడిగా గంటల తరబడి సన్నసెగన మరుగుతాయి, కప్పులోనే కలుస్తాయి. పక్కన ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కెట్. దేశవిభజనలో సింధు వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన కరాచీ బేకరీ పేరులో, పోగొట్టుకున్న ఊరు ఉంది. వలస వచ్చిన వాళ్ళు తెచ్చిన రుచులే ఇవాళ హైదరాబాదు నుంచి చుట్టాలకు పట్టుకెళ్ళే డబ్బాలయ్యాయి.

ఇన్ని పొయ్యిల వెనక గానుగ ఉంది. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే రోట్లో రోకలి నువ్వుల్ని నలిపి నూనె తీసేది. నూనె దిగాక మిగిలిన పిండినీ మనవాళ్ళు వదల్లేదు. ఉత్తరాంధ్రలో గానుగ ఆడించే తెలికుల పేరు వినబడే తెలికపిండి, తెలగపిండి అదే. గానుగలు కనుమరుగవుతున్నా, మునగాకుతో కలిపి వండే తెలగపిండి కూర బాలింత పథ్యంగా ఇంకా మిగిలే ఉంది.