కాలేయానికీ ఓ గడియారం ఉంది

ఫ్యాటీ లివర్ అనగానే “అది తాగేవాళ్ళ జబ్బు కదా” అంటారు. అందుకే స్కాన్ రిపోర్టులో ఆ మాట కనబడితే ఆడపిల్ల ఇంట్లో చెప్పడానికి కూడా జంకుతుంది. నిజానికి చుక్క మద్యం ముట్టనివాళ్ళకీ ఇది వస్తుంది. కాలేయంలో (మాంసం కొట్లో మనం కార్జం అంటాం, ఇక్కడి తమిళంలో ఈరల్) 5 శాతానికి మించి కొవ్వు చేరితే ఆ పేరు పెడతారు. మొదట్లో చాలామందికి నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు. వేరే దేనికో కడుపు స్కాన్ తీయిస్తే బయటపడుతుంది.

నూనె తగ్గించు, తీపి తగ్గించు అని అందరూ చెబుతారు. నిద్ర సంగతి ఎత్తేవాళ్ళే తక్కువ.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 24 గంటల గడియారం లాంటిది నడుస్తుంటుంది. అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. మెదడులోని పెద్ద గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. కాలేయంలోనిది మాత్రం ఎక్కువగా మనం తినే వేళను బట్టి నడుస్తుంది. పరీక్షల ముందు రాత్రి ఒంటిగంటకు నూడుల్స్ చేసుకుంటాం చూడండి, అప్పుడు మెదడు రాత్రి అంటుంది, కాలేయమేమో భోజనాల వేళ అనుకుంటుంది. రాత్రిపూట ఇన్సులిన్ పగటిలా చురుగ్గా పనిచేయదు. ఇక నిద్ర కూడా చాలకపోతే దాని మాట ఇంకా చెల్లదు. ఖర్చు కాని చక్కెరలో కొంత కొవ్వుగా మారి కాలేయంలోనే తిష్ట వేస్తుంది. పైగా నిద్రలేని మర్నాడు ఆకలి పెంచే గ్రెలిన్ హెచ్చుతుంది, చాలు అనిపించే లెప్టిన్ తగ్గుతుంది. క్యాంటీన్‌లో రెండో సమోసా అడిగేది అందుకే!

నిద్ర తగ్గినంత మాత్రాన జబ్బు ఖాయమని కాదు. నిద్ర తక్కువైనవాళ్ళలో, గురకతో ఊపిరి ఆగి ఆగి ఆడేవాళ్ళలో ఇది ఎక్కువగా కనబడుతోందని మాత్రం పరిశీలనల్లో తేలింది. సన్నగా ఉన్నాం కదా అని ధీమా వద్దు, మన దేశంలో సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తోంది. పీసీఓఎస్ ఉన్నవాళ్ళు డాక్టరుతో ఈ సంగతి కూడా మాట్లాడటం మంచిది.

తొలిదశలో చేరిన కొవ్వు మళ్ళీ కరుగుతుంది. రాత్రి ఎనిమిదిలోపు తినేసి, ఏడెనిమిది గంటలు పడుకుని, ఆదివారం కూడా అదే వేళకు లేవడం దానికి సాయపడుతుంది. చదవక తప్పని రాత్రి ఆకలేస్తే పలచటి మజ్జిగ చాలు.